తిరిగి రావడం: వస్తువూ, దృక్పథమూ

గత నెల మా ఊళ్ళో మిత్రులం నడుపుకుంటున్న సాహిత్య సమావేశంలో ఒక కథ చదివారు. రాసినామె ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి. ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదివి వచ్చింది. ఇక్కడ ప్రాక్టీసు పెట్టుకోవాలంటే రాయవలసిన పరీక్షకి ఇప్పుడు తయారవుతోంది. కథ ఇంకా ఎక్కడా అచ్చు కాలేదు కనక పేర్లు చెప్పడం లేదు. ఆ రోజు వచ్చిన పద్దెనిమిది మందిలో ఎక్కువమంది కథ బాగుందన్నారు. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నేను బాగులేదన్నాను. ఎందుకు బాగులేదో మాత్రం అక్కడ సరిగా చెప్పలేకపోయాను. టైము చాలలేదని సర్దిచెప్పుకున్నాను గాని అసలు కారణం అది కాదు. ఆ కారణం కూడా ఈ వ్యాసంలో చెప్పక తప్పదు.

ముందు కథ. 2020 మార్చి నెల. మనీలా నగరం శివారులో ఒక అద్దెగది. అందులో ఇద్దరు తెలుగు అమ్మాయిలు, ఇద్దరూ వైద్య విద్యార్థినులు. కాలేజీ మూసేశారు. నగరం మూతపడబోతోంది. డబ్బాలో ఎన్ని గ్లాసుల బియ్యం మిగిలాయో కొలుచుకోవడంతో కథ మొదలవుతుంది. ఇంటికి వెళ్ళిపోవాలా, ఇక్కడే ఉండాలా అని ఇద్దరూ రాత్రంతా మాట్లాడుకుంటారు. తెల్లవారుజామున కథానాయికకి తల్లి ఫోను చేస్తుంది. తల్లి ఏడుపు విని ఆమె పెట్టె సర్దుకుంటుంది. రెండో అమ్మాయి ఉండిపోతుంది. కథానాయిక కౌలాలంపూరు మీదుగా విశాఖపట్నం చేరుతుంది. ఊరు ఆమెని అక్కున చేర్చుకుంటుంది. గుమ్మంలో తల్లి దిష్టి తీస్తుంది. చిన్నప్పుడు బడిలో మాస్టారు పాడించిన ‘జన్మభూమి’ గేయం చెవుల్లో మోగుతుండగా కథ ముగుస్తుంది.

రాయప్రోలువారి ఆ గేయాన్ని తరగతిలో పాడించిన మాస్టారిని నేనే. పాడించిన మాట నిజం. ఏటా పాడించేవాణ్ణి. ఈ అమ్మాయి గొంతు బాగుంటుందని ముందు వరసలో నిలబెట్టేవాణ్ణి కూడా.

కథ మొదటి మూడు పేజీలూ చాలా బలంగా ఉన్నాయి. బియ్యం కొలత, ఊరినుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసాలో అడుగున మిగిలిన నూనె, గదికి కట్టవలసిన అద్దె, వచ్చే సెమిస్టరు ఫీజుకి గడువు, చేతిలో ఉన్న పెసోలు – ఇవన్నీ రచయిత్రి పేరుపేరునా చెబుతుంది. అక్కడ పాత్రలు మాట్లాడే భాష మా ఉత్తరాంధ్ర భాష. “ఏటి సేద్దుమే” అని ఒకరినొకరు అడుగుతారు. డబ్బు మాట వచ్చినప్పుడల్లా ఆ భాష మరీ నిక్కచ్చిగా ఉంటుంది. తల్లి ఫోను రాగానే అది కాస్తా మాయమైపోతుంది. కథానాయిక ఒక్కసారిగా మాతృభూమి అంటుంది, ఒడి అంటుంది, పిలుపు అంటుంది. రాత్రి పన్నెండు గంటలకి “ఏటి” అన్న పిల్ల తెల్లారి అయిదు గంటలకి పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుంది. కథ ఎక్కడ అబద్ధంలో పడిందో తెలుసుకోవడానికి వేరే సూత్రం అక్కర్లేదు. భాష ఎక్కడ మారిందో చూస్తే చాలు. ఇది శిల్పదోషం మాత్రమే అని సమావేశంలో ఒక మిత్రుడు అన్నాడు. నేనలా అనుకోవడం లేదు. దృక్పథంలో ఉన్న పగులు శిల్పంలో బయటపడుతుంది.

ఆ మార్చిలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. మనీలా ఉన్న లూజాన్ దీవి మొత్తాన్ని మార్చి 17 నుంచి దిగ్బంధం చేస్తున్నట్టు ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ప్రకటించింది. విదేశీయులు వెళ్ళిపోదలిస్తే 72 గంటల్లో వెళ్ళాలని మొదట గడువు పెట్టింది. సరిగ్గా ఆ 17వ తేదీనే భారత ప్రభుత్వం ఫిలిప్పీన్స్, మలేషియా, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి ఎవరూ రాకూడదని ఆదేశం ఇచ్చింది. అది వెంటనే అమల్లోకి వచ్చింది. ఒక ప్రభుత్వం మూడు రోజుల్లో పొమ్మంది. ఇంకొక ప్రభుత్వం ఆ రోజే తలుపు వేసేసింది. అప్పటికే మనీలాలో విమానం ఎక్కి, కౌలాలంపూరులో రెండో విమానం కోసం ఎదురుచూస్తున్న పిల్లలు అక్కడే చిక్కుకుపోయారు. మర్నాటినుంచి మలేషియా కూడా దిగ్బంధంలోకి వెళ్ళింది. గొడవ అయ్యాక ఢిల్లీకీ విశాఖపట్నానికీ విమానాలకి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మనీలా విమానాశ్రయంలోనే ఆగిపోయినవాళ్ళకి ఆ పాటి అదృష్టం కూడా లేదు. మార్చి 22 నుంచి మన దేశంలోకి అంతర్జాతీయ విమానాలన్నీ ఆగిపోయాయి. మామూలు సర్వీసులు మళ్ళీ మొదలైంది 2022 మార్చి 27న.

మరి కథలో? “ఆమె నిర్ణయించుకుంది” అని ఒక్క వాక్యం. నిర్ణయం అన్న ఈ మాట దగ్గరే నాకు పేచీ. తలుపులు రెండూ మూసుకుపోతున్న గదిలో నిలబడ్డ మనిషిది నిర్ణయమా? కౌలాలంపూరులో ఆ పిల్లలు విమానాశ్రయం నేలమీద పడుకున్న గంటలు కథలో లేవు. విమానం ఎక్కింది, దిగింది. మధ్యలో రెండు ప్రభుత్వాల ఆదేశాలు, రెండు దేశాల దిగ్బంధాలు, ఆగిపోయిన పిల్లల భయం, పరువు పోతుందని దిగివచ్చిన అనుమతి. అసలు కథ ఆ మధ్యలోనే ఉంది.

ఇది ఫిలిప్పీన్స్‌కి మాత్రమే పరిమితమైన సంగతి కాదు. 2020 జనవరి 23న చైనా వుహాన్ నగరాన్ని మూసేసింది. భారత ప్రభుత్వం జనవరి 31న ఒకటి, మర్నాడు ఒకటి విమానాలు పంపి 647 మంది భారతీయుల్ని తెచ్చుకుంది. అందులో చాలామంది విద్యార్థులు. పాకిస్తాన్ ప్రభుత్వం తన విద్యార్థుల్ని తీసుకురాకూడదని తీర్మానించింది. తల్లిదండ్రులు రోడ్డెక్కినా అప్పటికి వినలేదు. ఒకే నగరం, బహుశా ఒకే హాస్టలు, ఒకే రోగం. వెళ్ళడమా ఉండడమా అన్నది పాస్‌పోర్టు రంగునిబట్టి తేలిపోయింది. ఏప్రిల్ 3న ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మోరిసన్ సొంత ఖర్చులు భరించుకోలేని విదేశీ విద్యార్థులు ఇళ్ళకి వెళ్ళిపోవాలన్నాడు. అప్పటిదాకా ఆ పిల్లల ఫీజులు ఆ దేశపు విశ్వవిద్యాలయాలకి పెద్ద రాబడి. అమెరికా అయితే జులై 6న, పూర్తిగా ఆన్‌లైన్ చదువు చదివే విదేశీ విద్యార్థులు దేశంలో ఉండడానికి వీల్లేదని హుకుం జారీచేసింది. హార్వర్డ్, ఎమ్.ఐ.టి. కోర్టుకి వెళ్ళాక జులై 14న దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఎనిమిది రోజులూ అక్కడున్న మన తెలుగు పిల్లల ఇళ్ళల్లో ఎవరు నిద్రపోయారు? చదువు ఎగుమతి సరుకైనచోట విద్యార్థి కొనుగోలుదారు. కొట్టు కట్టేసే వేళకి కొనుగోలుదారుణ్ణి బయటికి పొమ్మంటారు. అందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా మన కథకులు దీన్ని తల్లీబిడ్డల అనుబంధంగా మాత్రమే చూడటం.

నేను చదివినంతలో విదేశాలకి వెళ్ళిన పిల్లలమీద మన కథలు రెండు మూసల్లో ఉంటాయి. ఒకటి, వీధి అరుగుమీద కూర్చుని కొడుకుకోసం ఎదురుచూసే ముసలి తల్లి. రెండు, డబ్బు మాయలో పడి చివరికి పశ్చాత్తాపపడే కొడుకు. కరోనా వచ్చి ఈ రెండు మూసలకీ మూతిగుడ్డ కట్టింది. అంతకుమించి మార్పు రాలేదు. వెళ్ళడం స్వార్థం, రావడం ప్రేమ – ఇదీ లెక్క. వెళ్ళడానికి ఎంతయింది, ఎవరిచ్చారు, రావడానికి ఎంతవుతుంది, ఎవరిస్తారు అన్న లెక్క ఎవరూ వెయ్యరు.

సమావేశంలో మా సీనియర్ మిత్రుడొకాయన ఇంకోవైపునుంచి అభ్యంతరం చెప్పాడు. కార్మికుడైన ఆయన మాటకి నేను విలువిస్తాను. “విమానం ఎక్కగలిగినవాళ్ళమీద మనకి కథలెందుకయ్యా? ఆ రోజుల్లో రోడ్లమీద నడిచినవాళ్ళున్నారు” అన్నాడు. ఆ మాట తోసెయ్యలేం. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళకోసం వందే భారత్ విమానాలు 2020 మే 7న మొదలయ్యాయి. మర్నాడు, మే 8న, ఔరంగాబాదు దగ్గర ఇంటికి నడిచివెళుతూ పట్టాలమీద నిద్రపోయిన 16 మంది వలసకూలీలమీంచి గూడ్సు రైలు వెళ్ళిపోయింది. ఆ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టుకోకుండా ఆ కాలాన్ని గురించి ఎవరూ రాయకూడదని నేనూ అంటాను. కాని విమానం ఎక్కినవాళ్ళందర్నీ ఒక వర్గంగా చూడటం పొరపాటు. ఆ విమానాలు ఉచితం కావు. లండన్‌నుంచి 50 వేలు, అమెరికానుంచి సుమారు లక్ష అని ప్రభుత్వమే చెప్పింది. దిగాక 14 రోజుల క్వారంటైను ఖర్చు కూడా వచ్చినవాళ్ళదే. కలిగినవాడికి అది టిక్కెట్టు. లేనివాడికి పాత అప్పుమీద ఇంకో అప్పు.

ఈ అప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు రాక, ప్రైవేటు కళాశాల ఫీజు కట్టలేక, ఏజెంటు చెప్పిన మాట నమ్మి ఫిలిప్పీన్స్‌కో, కిర్గిజ్‌స్తాన్‌కో, ఉక్రెయిన్‌కో, చైనాకో వెళ్ళే పిల్లల తండ్రులు కోటీశ్వరులు కారు. చిన్న రైతులు, బడిపంతుళ్ళు, ఆర్.టి.సి. డ్రైవర్లు, కిరాణా కొట్లవాళ్ళు. బ్యాంకులు చదువుకి ఇచ్చే అప్పు సాధారణంగా 4 లక్షల వరకూ తనఖా లేకుండా దొరుకుతుంది. ఏడున్నర లక్షల వరకూ అయితే మూడో మనిషి హామీ కావాలి. అది దాటితే భూమో ఇల్లో పెట్టాలి. బ్యాంకు ఇవ్వనిది ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న వాయిదాలు కట్టడానికి గడువు ఇచ్చింది, తర్వాత ఆగస్టు ఆఖరుదాకా పొడిగించింది. ఆ కాలానికి వడ్డీ మాత్రం ఆగలేదు. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి అయితే ఏ గడువూ లేదు. కథలో తండ్రి అరెకరం పొలంలో పని చేస్తూ కనిపిస్తాడు. ఆ అరెకరం ఎవరి దగ్గర తనఖాలో ఉందో కథకురాలికి తెలుసు. పాఠకుడికి చెప్పలేదు.

మన సాహిత్యానికి ఈ వస్తువు కొత్తదా అంటే కాదు. ‘కన్యాశుల్కం’లో వెంకమ్మ, కొడుకు ఇంగ్లీషు చదువుకి మొగుడు డబ్బు పెట్టకపోతే తన పుట్టింటివాళ్ళు పసుపుకుంకాలకిచ్చిన భూమి అమ్మేస్తానంటుంది. భూమిని చదువుగా మార్చే బేరం గురజాడ అప్పుడే పట్టుకున్నాడు. వెంకమ్మ కూడా తల్లే, ఆమెదీ ప్రేమే. కాని ఆ ప్రేమ భూమి లెక్కలోంచి మాట్లాడుతుంది. అందుకే ఆమె మనకి నిజమైన మనిషిగా కనిపిస్తుంది. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’లో అప్పు ఒక తరంనుంచి ఇంకో తరానికి ఎలా దిగుతుందో, అది మనిషిని ఎంతదాకా తీసుకుపోతుందో చూశాం. అక్కడ కూడా తండ్రీకొడుకుల ప్రేమ ఉంది. అప్పుని పక్కన పెట్టి ఆ ప్రేమని చూపించమంటే ‘యజ్ఞం’ అన్న కథే ఉండదు.

మా ఉత్తరాంధ్రకైతే ఇది ఇంకా పాత కథ. మా తాతల కాలంలో రంగం వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్. మేస్త్రీ ముందుగా ఇచ్చిన బయానా డబ్బు తీర్చడానికి ఓడెక్కి, రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. 1941 డిసెంబరులో రంగూన్‌మీద జపాను బాంబులు పడ్డాక, 1942లో భారతీయులు లక్షల్లో కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది పోయారు. అప్పు పంపింది, చావుభయం వెనక్కి తెచ్చింది. మనీలాలో ఆ రాత్రి గదిలో కూర్చున్న ఇద్దరు పిల్లలు ఈ వరసలోవాళ్ళు. చేతిలో స్టెతస్కోపు ఉంటే ఉండొచ్చు.

కథలో అన్నిటికన్నా గొప్ప విషయం ఒకటుంది. రచయిత్రికి అది గొప్పదని తెలియదు. ఉండిపోయిన రెండో అమ్మాయికి రెండురోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంది. దగ్గు కూడా ఉంది. ఇంటి దగ్గర ఆయాసంతో బాధపడే తండ్రి ఉన్నాడు. “నేనెల్తే ఆయనకి అంటించీస్తాను” అంటుంది. నాలుగే నాలుగు లైన్లు. మళ్ళీ ఆమె కథలో కనిపించదు. నన్నడిగితే ఈ కథలో నిజంగా నిర్ణయం అనదగ్గది ఆ పిల్లదే. రెండు ప్రభుత్వాలు, అప్పులవాళ్ళు, ఏజెంట్లు అన్ని దారులూ మూసేశాక కూడా మనిషికి మిగిలిన జానెడు చోటులో ఆమె నిలబడి, తన ఒంట్లో ఉన్నది జబ్బో కాదో తెలియకపోయినా, పక్కవాడి ప్రాణం గురించి ఆలోచించింది. దేశంలో మొట్టమొదటి కరోనా కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. మొదటి మూడు కేసులూ కేరళలోనే. ముగ్గురూ వుహాన్‌నుంచి ఇంటికి తిరిగొచ్చిన విద్యార్థులే, ముగ్గురూ కోలుకున్నారు. తిరిగి రావడంలో ఎంత ప్రేమ ఉందో అంత ప్రమాదం కూడా ఉందన్న సంగతి అప్పుడే అందరికీ తెలుసు. తెలిసీ రావలసి వచ్చిన పిల్ల, తెలిసి రాకుండా ఆగిపోయిన పిల్ల – వీళ్ళిద్దరి మధ్య ఆ రాత్రి జరిగిన సంభాషణే కథ. రచయిత్రి దాన్ని “మాట్లాడుకున్నారు” అని తేల్చేసి ఫోను మోగించింది.

ఇక ఊరు అక్కున చేర్చుకోవడం. ఇది పచ్చి అబద్ధం. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పొలిమేరల్లో ముళ్ళకంపలు అడ్డం వేశారు. విదేశాలనుంచి ఎవరొచ్చారో వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. అది అవసరమే, కాదనను. కాని ఆ పేర్లు సాయంత్రానికి టీకొట్టు దగ్గరికి ఎలా వచ్చేవో ఎవరూ అడగలేదు. ఫలానావాళ్ళ ఇంటికి పాలు పొయ్యొద్దన్నవాళ్ళున్నారు. డబ్బు మదంతో దేశాలు పోయి రోగాలు తెచ్చారన్నవాళ్ళున్నారు. మా ఊరి కంప దగ్గర నేనూ రెండురోజులు కర్ర పట్టుకుని నిలబడ్డాను. చదువుకున్నవాణ్ణి, అభ్యుదయ సాహిత్యం చదివేవాణ్ణి, ఆ మాటలు విని ఊరుకున్నాను. ఒకటి రెండు నేనూ అన్నానేమో. ఈ అమ్మాయి కథలో దిష్టి తీసిన గుమ్మం ముందు అసలైతే ఆ కంప ఉండాలి. కంప దగ్గర కర్రతో ఒక తెలుగు మాస్టారు కూడా ఉండాలి.

ఇక్కడే నేను సమావేశంలో చెప్పలేకపోయిన సంగతికి వస్తాను.

కథలో మాస్టారు పాత్ర ఉందని చెప్పాను. ఆ రాత్రి కథానాయిక ఆయనకి ఫోను చేస్తుంది. ఆయన జన్మభూమి గురించి, కన్నతల్లి గురించి ఆరు వాక్యాలు చెప్పి వచ్చెయ్యమంటాడు. చదువుతున్నంతసేపూ ఆ అమ్మాయి నావైపు చూడలేదు. చప్పట్లు కొట్టినప్పుడు కొందరు నావైపు తిరిగి తలలూపారు.

నేనా మాటలు అనలేదు. ఆ మార్చి 16 రాత్రి ఆమె నిజంగానే నాకు ఫోను చేసింది. “మాస్టారూ, వచ్చీమంటారా, ఉండిపొమ్మంటారా?” అని అడిగింది. నేను ఉండిపొమ్మన్నాను. “ఇంత డబ్బు పోశాక ఏడాది పోగొట్టుకుంటే ఎలాగమ్మా, పది రోజుల్లో అన్నీ సర్దుకుంటాయి” అన్నాను. కథలో నాయిక వచ్చేసింది. రాసిన అమ్మాయి రాలేదు. ఆమె మనీలాలో అయిదు నెలలు ఉండిపోయి, ఆగస్టులో టిక్కెట్టుకి మళ్ళీ అప్పు చేయించి వచ్చింది.

ఎందుకు ఉండిపొమ్మన్నాను? ఆమె మంచికే అన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ బ్యాంకు అప్పుకి మూడో మనిషి హామీ సంతకం నాది. ఆమె తండ్రి నా జీతం కాగితం అడగడానికి వచ్చినరోజు గుమ్మం బయటే నిలబడి “మేస్టారు బాబూ, మీ సేత్తో ఒక్క సంతకం” అన్నాడు. పెట్టాను. పెట్టినందుకు నాలోనేను గర్వపడ్డాను కూడా. ఆ మార్చి రాత్రి ఫోనులో ఆ పిల్ల గొంతు వింటున్నప్పుడు నా కళ్ళముందు కనబడింది ఆమె మొహం కాదు, ఆ కాగితం. చదువు మధ్యలో ఆగితే వాయిదాలు ఎవరు కడతారు అన్నదే నా మొదటి ఆలోచన. జీతగాడైన మధ్యతరగతివాడు సలహా చెబుతున్నప్పుడు అతని నోట్లోంచి ఎవరు మాట్లాడతారో ఎన్నో వ్యాసాల్లో ఇతరుల గురించి రాశాను. నా గురించి నాకు తెలియడానికి ఈ కథలో నేననని ఆరు వాక్యాలు కావలసివచ్చాయి.

కాబట్టి ఈ కథలోని లోపాన్ని రచయిత్రి ఒక్కదాని ఖాతాలో వెయ్యలేను. బియ్యం గ్లాసులు లెక్కపెట్టగలిగిన చెయ్యి అప్పు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది? డబ్బు సంగతులు సాహిత్యం కావని ఆమెకి ఎవరు నేర్పారు? ఎనిమిదో తరగతిలో ఆమె రాసిన ఒక వ్యాసం నాకింకా గుర్తుంది. పంట అమ్మినరోజు తండ్రి రైసుమిల్లునుంచి ఎంత తెచ్చాడో, ఎవరెవరికి ఎంత ఇచ్చాడో రూపాయలతో సహా రాసింది. నేను ఆ లెక్కలకింద ఎర్రగీత గీసి, ‘భావుకత లేదు’ అని రాశాను. పిల్ల తెలివైనది, నేర్చుకుంది.

ఆమె వచ్చాక జరిగినవైనా కథలో లేవు. రెండేళ్ళపాటు చెరువుగట్టుమీద సిగ్నలు దొరికేచోట కూర్చుని ఆన్‌లైన్ పాఠాలు వింది. శరీరశాస్త్రం ఫోనులో నేర్చుకుంది. తీరా 2022 ఫిబ్రవరిలో, పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసిన వైద్యవిద్యని గుర్తించేది లేదని జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. రోగులమీద చెయ్యి వెయ్యకుండా డాక్టరయ్యేవాణ్ణి ఒప్పుకోవాలా అంటే నేనూ ఒప్పుకోను. కమిషన్ మాటలో న్యాయం లేకపోలేదు. కాని చైనాలో చదివే మన పిల్లలు సుమారు 23 వేలమందిని ఆ దేశం 2022 ఆగస్టుదాకా లోపలికి రానివ్వలేదు. అక్కడికి పోనివ్వరు, ఇక్కడ చదివితే చెల్లదు. సుప్రీంకోర్టు చెప్పాక ఆ జులైలో, జూన్ 30 లోపు డిగ్రీ చేతికొచ్చినవాళ్ళకి మాత్రం, రెండేళ్ళు ఇంటర్న్‌షిప్ చెయ్యాలన్న షరతుతో దారి ఇచ్చారు. మిగిలినవాళ్ళు మళ్ళీ టిక్కెట్లు కొనుక్కున్నారు. ఈ అమ్మాయి కూడా మళ్ళీ మనీలా వెళ్ళి పూర్తిచేసి వచ్చింది. 2020 మార్చిలో అడిగిన ప్రశ్న – వెళ్ళాలా ఉండాలా – వాళ్ళని రెండేళ్ళపాటు అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ అడుగుతూనే ఉంది. తల్లి ఫోనుతో తేలిపోయే ప్రశ్న కాదది.

ఈ వ్యాసం రాతప్రతిని అచ్చుకి పంపేముందు ఆమెకిచ్చి చదవమన్నాను. హామీ సంతకం సంగతి అచ్చులో రావడానికి ఆమెకీ ఆమె తండ్రికీ అభ్యంతరం ఉంటే తీసేస్తానన్నాను. మర్నాడు సాయంత్రం బడి వదిలేవేళకి గేటు దగ్గర నిలబడి ఉంది. అభ్యంతరం లేదంది. ఆ రెండో అమ్మాయి గురించి నేను రాసింది నిజమేనంది. ఆమె ఇప్పుడు గుంటూరువైపు ఒక ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేస్తోందట, కథ ఆమెకి ఇంకా చూపించలేదట. తరవాత కొంచెంసేపు ఊరుకుని, “అప్పు పేజీ రాశాను మాస్టారూ. ఫోనులో మీరన్న మాట కూడా రాశాను. సమావేశానికి మీరొస్తారని తీసీసి, ఆ ఆరు వాక్యాలూ పెట్టాను” అంది.

ఆ పేజీ పారెయ్యలేదట. కథ వచ్చే నెల మళ్ళీ చదువుతానంది. నేను సమావేశానికి వస్తాననే చెప్పాను.